చీనీ చెట్టు మొదలు కుళ్లితే ముందు పార, ఆ తర్వాతే మందు

చీనీ (బత్తాయి) తోటలో ఒక కొమ్మ ఆకులు పాలిపోగానే చాలామంది చేసే మొదటి పని జింకు, ఇనుము కలిసిన సూక్ష్మపోషకాలు కొట్టడం. ట్యాంకు కలిపే ముందు ఒక ఆకు కోసి వెలుతురుకు పట్టి చూడండి. ఈనెలు పచ్చగా ఉండి, వాటి మధ్య భాగం పసుపుబారితే అది పోషక లోపం. సున్నం ఎక్కువున్న నేలల్లో ఇది మామూలే. అలా కాక నడి ఈనె, పక్క ఈనెలు పసుపుబారి మిగతా ఆకు ఇంకా పచ్చగానే ఉంటే తేడా చెట్టు మొదట్లో ఉంది. మొదలు దగ్గర బెరడు కుళ్లి, ఆకులో తయారైన ఆహారం వేర్లకు దిగే దారి మూసుకుపోయింది. అలాంటి చెట్టు పైన ఏం కొట్టినా డబ్బు దండగ.

అనంతపురం, కడప, కర్నూలు వైపు తోటల్లో చెట్టు ఎండితే అన్నిటికీ కలిపి 'వేరుకుళ్లు' అనేస్తారు. దుకాణంలో ఆ ఒక్క మాట చెబితే ఏదో ఒక పొట్లం చేతిలో పెడతారు. చిక్కంతా ఇక్కడే. చీనీని చంపే కుళ్లు ప్రధానంగా రెండు రకాలు. ఒకదాని మందు రెండోదానికి పనిచేయదు.

మొదటిది ఫైటోఫ్తోరా వల్ల వచ్చే మొదలు కుళ్లు, బంక తెగులు. ఇది నీటి జీవి. దీని బీజాలకు తోకలుంటాయి, పాదులో నిలిచిన నీళ్లలో ఈదుకుంటూ వేరును, బెరడును చేరుకుంటాయి. రెండోది ఎండు వేరుకుళ్లు. ఫ్యుజేరియం, మాక్రోఫోమినా లాంటి శిలీంధ్రాలు దీనికి కారణం. ఇవి బలంగా ఉన్న వేరు జోలికి పెద్దగా పోవు. దెబ్బ తగిలిన వేరు, బెట్టకు అలసిన వేరు, నీటిలో నాని ఊపిరాడని వేరు దొరికితే పట్టుకుంటాయి.

కార్బెండజిమ్ ఎంత పోసినా ఫైటోఫ్తోరాకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. మెటలాక్సిల్‌కు ఫ్యుజేరియం లొంగదు. అందుకే ముందు తవ్వి చూడాలి.

ఎలా తవ్వి చూడాలి

గడ్డపార వద్దు, అది వేర్లను నరికేస్తుంది. చిన్న తొలికతోనో చేత్తోనో మొదలు చుట్టూ అడుగు మేర, ఆరేడు అంగుళాల లోతు మట్టి తీయండి. బకెట్ నీళ్లు పోసి బెరడు కడగండి. గోటితో కొద్దిగా గీకండి. ఆరోగ్యంగా ఉంటే గీకిన చోట లేత పచ్చగా, తెల్లగా తడి కనిపిస్తుంది. గోధుమ రంగులో మెత్తగా, పుల్లటి వాసనతో ఉంటే కుళ్లు పట్టినట్టే. ఆ భాగం ఎంత దూరం పాకిందో చుట్టూ గీకుతూ గుర్తు పెట్టుకోండి. తర్వాత కత్తి మొనతో బెరడు కొంచెం లేపి కింది చెక్క చూడండి. ఫైటోఫ్తోరా అయితే కుళ్లంతా బెరడులోనే ఉంటుంది, లోపలి చెక్క దాదాపు తెల్లగానే ఉంటుంది. ఎండు వేరుకుళ్లు అయితే చెక్క కూడా బూడిద, గోధుమ రంగుకు మారి గట్టిగా ఎండి ఉంటుంది.

ఇక పీచు వేర్లు. చెట్టు నీడ అంచుకు కొంచెం లోపల నాలుగు వైపులా అరడుగు లోతున గుప్పెడు వేర్లు తీయండి. ఒక వేరును రెండు వేళ్ల మధ్య పట్టి మెల్లగా లాగండి. పై పొర తొడుగులా ఊడి వచ్చి లోపల సన్నటి దారం మిగిలితే ఫైటోఫ్తోరా వేర్లదాకా దిగింది.

చెట్టు ఎండే తీరు కూడా కబురు చెబుతుంది. మొదలు కుళ్లు పట్టిన చెట్టు నెలల తరబడి నీరసిస్తుంది. ఆకు చిన్నదవుతుంది, కొమ్మలు పైనుంచి ఎండుతాయి, కాలం కాని కాలంలో విపరీతంగా పూస్తుంది. ఎండు వేరుకుళ్లు పట్టిన చెట్టు నిన్నటిదాకా బాగానే కనిపించి, వారం పది రోజుల్లో ఆకులు వాడిపోయి, కాయలు కొమ్మలకే వేలాడుతుండగా నిలువునా ఎండుతుంది. లోపల వేర్లలో రోగం అంతకు ముందే ముదిరి ఉంటుంది, మనకు కనిపించేది ఆఖరి ఘట్టం.

బంక కనిపించిన ప్రతి చెట్టుకూ తెగులు ఉన్నట్టు కాదు. బంక పక్కన చిన్న రంధ్రం, రంపపు పొట్టు లాంటి పొడి ఉంటే అది కాండం తొలిచే పురుగు పని. బంక లేదని ధీమా పడకూడదు కూడా. బంక నీటిలో కరిగిపోతుంది. సెప్టెంబరు, అక్టోబరు వానలకు కడుక్కుపోయి బెరడు మీద పగుళ్లు మాత్రమే మిగులుతాయి.

మొదలు కుళ్లు పట్టిన చెట్టుకు వైద్యం

చుట్టుకొలతలో సగానికి పైగా బెరడు కుళ్లి ఉంటే ఆ చెట్టు మీద ఆశ వదులుకోవడమే మేలు. మూడో వంతు లోపు అయితే నిలబెట్టవచ్చు. మధ్యలో ఉన్నవాటికి చెట్టు వయసు, పక్క కొమ్మల సత్తువ చూసి మీరే తేల్చుకోవాలి.

పదునైన కత్తితో కుళ్లిన బెరడంతా తీసేయండి. అంచున ఆరోగ్యంగా ఉన్న బెరడు కూడా అర అంగుళం మేర పోవాలి. అంచు నునుపుగా, పైనా కిందా కొంచెం కోసుగా ఉంటే గాయం త్వరగా మూసుకుంటుంది. లోపలి చెక్కను చెక్కకండి. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పోయేటప్పుడు కత్తిని స్పిరిట్‌తో తుడవండి. తీసిన బెరడు ముక్కలను పాదులో రాలనీయకుండా గోనె సంచి పరిచి పట్టి, తోట బయట కాల్చేయండి. సంచి పరచడం చాదస్తంలా కనిపిస్తుంది గానీ రాలిన ముక్కే మళ్లీ విత్తనం.

గాయం ఒక రోజు ఆరిన తర్వాత బోర్డో పేస్టు పూయండి. గాయం మీదే కాదు, మొదలంతా నేల నుంచి రెండు మూడు అడుగుల ఎత్తు వరకు పూయాలి.

పేస్టుకు మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్) కిలో, మంచి పొడి సున్నం కిలో, నీళ్లు మొత్తం పది లీటర్లు. మైలుతుత్తాన్ని పలుచటి గుడ్డలో మూటగట్టి ఐదు లీటర్ల నీళ్లలో రాత్రంతా వేలాడదీస్తే పొద్దుటికి కరుగుతుంది. మిగతా ఐదు లీటర్లలో సున్నం కలిపి వడగట్టండి. ప్లాస్టిక్ బకెట్లు, మట్టి బానలే వాడాలి. ఇనుప డబ్బా వాడితే రాగి దానికి పట్టేస్తుంది. రెండు ద్రావణాలనూ మూడో పాత్రలోకి ఒకేసారి పోస్తూ కర్రతో కలపండి. సున్నం చాలిందా, తగ్గిందా అని చూడటానికి మెరిసే ఇనుప కత్తిని నిమిషం సేపు ముంచి తీయండి. కత్తి మీద ఎర్రటి రాగి పూత పట్టితే సున్నం తక్కువైనట్టు. సున్నపు నీళ్లు కొద్దికొద్దిగా కలుపుతూ పూత పట్టనంత వరకు చూడండి. సున్నం పాతదై గాలికి పొడిబారి ఉంటే ఎంత వేసినా పూత పడుతూనే ఉంటుంది, అప్పుడు కొత్త సున్నం తేవాలి. కలిపిన పేస్టు ఆ రోజే అయిపోవాలి. మర్నాటికి దాని పట్టు పోతుంది.

ఇదే కిలో మైలుతుత్తం, కిలో సున్నం వంద లీటర్ల నీళ్లలో కలిపితే ఒక శాతం బోర్డో మిశ్రమం అవుతుంది. పాదులో పోయడానికి అది పనికొస్తుంది.

పేస్టు బెరడుకే కాపలా. వేర్లలోని ఫైటోఫ్తోరాకు చెట్టు లోపలికి ఇంకే మందు కావాలి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరుకు 2.75 గ్రాముల చొప్పున, లేదా ఫోసిటైల్ అల్యూమినియంను లీటరుకు 2.5 గ్రాముల చొప్పున కలిపి కాపుకొచ్చిన చెట్టుకు పది లీటర్లు పాదంతా తడిసేలా పోయండి. 200 లీటర్ల డ్రమ్ముకు మొదటిదైతే 550 గ్రాములు, రెండోదైతే 500 గ్రాములు. ఒక డ్రమ్ము ఇరవై చెట్లకు సరిపోతుంది. నలభై రోజుల తర్వాత ఇంకోసారి పోయాలి.

ఈ రెండు మందుల నడక వేరు. మెటలాక్సిల్ వేరు నుంచి పైకి పోతుంది. అందుకే దాన్ని నేలలో పోయాలి, ఆకుల మీద కొడితే వేరుకు అందదు. ఫోసిటైల్ మాత్రం ఆకుల మీద కొట్టినా కిందికి దిగి వేర్లకు చేరుతుంది. లేత చిగురు ముదురుతున్నప్పుడు కొడితే బాగా పనిచేస్తుంది. నేల ఎప్పుడూ తడిగా ఉండి మందు పోయడానికి వీలుకాని నల్లరేగడి తోటలకు ఇదే నయం. ఫోసిటైల్‌ను రాగి మందులతో కలిపి కొట్టకండి, ఆకులు మాడతాయి. మెటలాక్సిల్‌ను ఏడాది పొడవునా అదే పనిగా వాడితే తెగులు దానికి అలవాటు పడిపోతుంది. కాబట్టి ఒకసారి అది, ఇంకోసారి ఇది. కాయ కోతకు ఎన్ని రోజుల ముందు ఆపాలో డబ్బా మీద చూసుకోండి.

పొడి నేలలో మందు పోస్తే నెర్రెల్లోంచి జారి పోతుంది. ముందు రోజు తేలిగ్గా ఒక తడి ఇవ్వండి. పోసిన తర్వాత మూడు నాలుగు రోజులు నీళ్లు కట్టకండి.

ఎండు వేరుకుళ్లు అయితే

ఇక్కడ తొందర పడాలి. ఒక పక్క కొమ్మలే వాడితే, అదే పక్క వేర్లు పోయాయని అనుకోవచ్చు. ఆ పక్క మట్టి తీసి కుళ్లిన వేర్లను మంచి భాగం వచ్చేదాకా కోసి తీసేయండి. కోసిన చివరలకు బోర్డో పేస్టు పూయండి. పాదులో ఒక శాతం బోర్డో మిశ్రమం గానీ, లీటరుకు మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ గానీ, గ్రాము కార్బెండజిమ్ గానీ కలిపి ఇరవై ముప్పై లీటర్లు పోసి మట్టి కప్పండి. వేర్లు తగ్గాయి కాబట్టి పైన బరువూ తగ్గాలి. ఎండు కొమ్మలతో పాటు కొంత పచ్చ కొమ్మ కూడా తీసేయండి, ఉన్న కాయలన్నీ దులిపేయండి. కాయ మీద మమకారంతో ఈ ఒక్క పని మానేసి చెట్టునే పోగొట్టుకునేవాళ్లు ఎక్కువ.

మూడు వారాల తర్వాత, తెగులు శిలీంధ్రాలను అణిచే ట్రైకోడెర్మా. అంతకు ముందే వేస్తే రాగి మందులకు అదీ చచ్చిపోతుంది, ఎందుకంటే అదీ శిలీంధ్రమే. 90 కిలోల బాగా మాగిన దిబ్బెరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి కలిపి చెట్టు నీడలో కుప్ప పోయండి. నీళ్లు చల్లి గోనె పట్టాలు కప్పండి. పిడికిట్లో నొక్కితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు. నాలుగు రోజులకోసారి తిరగేస్తూ తడి తగ్గకుండా చూస్తే పది పదిహేను రోజుల్లో తెల్లటి, పచ్చటి బూజు అల్లుకుంటుంది. అప్పుడు చెట్టుకు ఐదు నుంచి పది కిలోలు పాదులో, మొదలుకు అడుగు దూరం వదిలి, వేసి తడి ఇవ్వండి. పచ్చి పేడతో కుప్ప వేస్తే వేడెక్కి ట్రైకోడెర్మా చస్తుంది, పచ్చి కోళ్ల ఎరువైతే చెట్టు వేర్లే మాడతాయి.

ఈ రోగానికి తలుపు తీసేది చాలాసార్లు మనమే. పూత కోసం నీళ్లు ఆపి తోటను ఎండగట్టడం మన వైపు మామూలు. రోజులు లెక్కపెట్టి ఎండగట్టకండి, ఆకును చూడండి. ఆకులు ముడుచుకుని కొన్ని రాలడం మొదలైతే చాలు. తాడిపత్రి, నార్పల వైపు ఎర్రటి గరుసు నేలల్లో ఆ స్థితి తొందరగా వస్తుంది, నల్లరేగడిలో ఆలస్యమవుతుంది. పక్క తోటవాడు ఆపినన్ని రోజులు మనమూ ఆపితే చెట్టు కుదేలవుతుంది. తర్వాత మొదటి తడి సగమే ఇచ్చి, రెండో తడి నుంచి పెంచుకుంటూ పోవాలి. ఎండిన వేరు మీద ఒక్కసారిగా పాదు నిండా నీళ్లు పెడితే అది నీళ్లు తాగదు, నానుతుంది. అదే సమయంలో కొందరు ట్రాక్టరుతో కొమ్మల కింద దాకా లోతుగా దున్నిస్తారు. చీనీ పీచు వేర్లు ఎక్కువగా పై అడుగు, అడుగున్నరలోనే ఉంటాయి. తెగిన ప్రతి వేరూ ఫ్యుజేరియానికి తెరిచిన గుమ్మం. కొమ్మల కింద కలుపు చేత్తో తీయాలి. బ్రష్ కట్టర్ వాడితే మొదలుకు అడుగున్నర దూరంలోనే ఆగాలి.

నీళ్లు ఎక్కడ పెడుతున్నారు

మందుల కంటే దీనికే ఎక్కువ శ్రద్ధ కావాలి. బోరు నీళ్లు అరకొరగా ఉన్న రోజుల్లో చెట్టుకు నీళ్లు తక్కువై పోయేవి. కాలువ నీళ్లు అందిన చోట ఇప్పుడు ఎక్కువై పోతున్నాయి. చీనీ మొదలు తడవకూడదు. మొదలు చుట్టూ రెండడుగుల మేర మట్టిని గట్టుగా ఎగదోసి, దాని బయట రెండో గట్టు వేసి, నీళ్లు రెండు గట్ల మధ్యే నిలవనీయాలి. అయితే గట్టు మట్టి అంటు కట్టిన చోటును కప్పకూడదు. మన తోటల్లోని చీనీ రకం సాత్గుడి, దాని బెరడు ఫైటోఫ్తోరాకు చాలా లోకువ. కింద తట్టుకునే రంగపూర్ నిమ్మ మొదలున్నా, పైన సాత్గుడి భాగం మట్టిలో కూరుకుంటే వేరుమూలం (అంటు కింది మొక్క) వల్ల వచ్చిన లాభం పోయినట్టే. పాత తోటల్లో ఏళ్ల తరబడి ఎరువులు, ఒండ్రు చేరి అంటు భాగం పూడిపోయి ఉంటుంది. మే నెలలో ఆ మట్టి లాగేసి మొదలు బయటపెట్టండి. వానలకు ముందు ఒకసారి, వానలు వెలిశాక ఒకసారి పేస్టు పూయండి.

ఒక పాదులోంచి ఇంకో పాదులోకి నీళ్లు పారించే పద్ధతి మానేయాలి. మొదటి చెట్టుకు రోగముంటే వరుసంతా పంచినట్టే. కాలువ పక్కన తీసి, ఒక్కో పాదుకు విడిగా నోరు పెట్టాలి.

డ్రిప్పున్నా ఇదే తప్పు జరుగుతోంది. మొక్క నాటినప్పుడు మొదట్లో పెట్టిన డ్రిప్పరు ఎనిమిదేళ్ల చెట్టుకూ అక్కడే కారుతుంటుంది. తొలి ఏడాది అడుగు దూరం, మూడో ఏడు రెండడుగులు, ఐదేళ్లు దాటాక మూడు నాలుగు అడుగుల దూరంలో చుట్టూ నాలుగు నుంచి ఆరు డ్రిప్పర్లు ఉండాలి. లేటరల్ పైపుకు చిల్లిపడి మొదలుకు చిమ్ముతోందేమో వారానికోసారి నడిచి చూసుకోండి.

కింది కొమ్మలు నేలకు రెండడుగులు పైన ఉండేలా కత్తిరించండి. గాలి ఆడి మొదలు ఆరుతుంది, వానకు చిమ్మిన మట్టి వల్ల కాయ కుళ్లకుండా ఉంటుంది.

కొత్త తోట వేసేవాళ్లకు

నల్లరేగడి, లేక కింద సున్నపు పొర ఉన్న నేల అయితే ముందు అడుగున్నర గుంత తీసి నీళ్లు నింపండి. ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి పోసిన నీళ్లు మర్నాటికీ నిలిచే ఉంటే అక్కడ గుంతల్లో చీనీ నాటొద్దు. అడుగు, అడుగున్నర ఎత్తు, నాలుగడుగుల వెడల్పు కట్టలు వేసి, వరుసల మధ్య మురుగు కాలువ తీసి కట్ట మీద నాటండి.

రోగం తోటలోకి వచ్చేది ఎక్కువగా నర్సరీ సంచిలోనే. జంబేరి నిమ్మ మీద కట్టిన అంట్లు చవకగా దొరికినా రంగపూర్ మీద కట్టినవే తీసుకోండి, ఎండు వేరుకుళ్లును అది మెరుగ్గా తట్టుకుంటుంది. అంటు సంచి మట్టి నుంచి కనీసం ఆరు అంగుళాల పైన ఉండాలి. రెండు మొక్కల సంచులు చించి వేర్లు చూపించమనండి, నర్సరీ యజమాని గొణిగినా సరే. తెల్లటి పీచు వేర్లు ఉండాలి, నల్లబడి తొడుగు ఊడుతుంటే లోడు వెనక్కి పంపేయండి. నాటేటప్పుడు సంచి మట్టి నేలకు రెండంగుళాలు పైకే ఉండాలి, ఎందుకంటే కొత్త గుంత మట్టి తర్వాత కుంగుతుంది. టమాట, వంగ, మిరప అంతర పంటలుగా వద్దు, ఈ తెగుళ్లు వాటి మీదా బతుకుతాయి. వేరుశనగ వేస్తే మొదలుకు మూడడుగులు వదలండి.

చచ్చిన చెట్టు స్థానంలో నాటాలంటే వేర్లతో సహా పెకలించి, గుంతలో చెత్త వేసి కాల్చి, ఏప్రిల్, మే ఎండలకు గుంతను తెరిచి ఉంచండి. వేరే చోటి మట్టి, ట్రైకోడెర్మా కలిపిన ఎరువు నింపి తొలకరి తర్వాత నాటండి.

బొప్పాయి, దానిమ్మ

బొప్పాయిలో మొదలు కుళ్లు పిథియం వల్ల వస్తుంది, దాని వేగమే వేరు. నేలకు ఆనుకున్న చోట నీటి మచ్చ పడి, నల్లబడి, లోపల తేనెపట్టులా గుల్లై, గాలికి చెట్టు ఒరిగిపోతుంది. మచ్చ చెట్టు చుట్టూ తిరిగితే పీకేయడమే. మిగతా వరుసకు మెటలాక్సిల్, మాంకోజెబ్ మందు లీటరుకు రెండు గ్రాములు కలిపి మొదళ్లు తడిసేలా పోసి, పదిహేను రోజులకు మళ్లీ పోయండి. అడుగు ఎత్తు బోదెల మీద నాటినవాళ్లకు ఈ బాధ సగానికి సగం తప్పుతుంది.

దానిమ్మ ఎండితే దాన్ని ఈ లెక్కలో వేయకండి. మొదలును అడ్డంగా కోస్తే చెక్కలో గోధుమ, బూడిద రంగు చారలు నక్షత్రంలా కనిపిస్తే అది సెరటోసిస్టిస్ ఎండు తెగులు. మెటలాక్సిల్ దానికి పనికిరాదు.

ఎటూ తేలకపోతే నమూనా చూపించండి. అనంతపురం వాళ్లకు రెడ్డిపల్లి, కడప వాళ్లకు ఊటుకూరు, కర్నూలు వాళ్లకు బనవాసి కృషి విజ్ఞాన కేంద్రాలున్నాయి. పూర్తిగా ఎండిన చెట్టు వేర్లు తీసుకుపోతే లాభం లేదు. చచ్చిన వేరు మీద ఏ బూజైనా పెరుగుతుంది, అసలు దోషి దొరకదు. సగం ఎండిన చెట్టు నుంచి మంచి, చెడు కలిసే చోట వేరు ముక్కలు, మొదలు బెరడు, అరడుగు నుంచి అడుగు లోతు మట్టి అరకిలో తీసి వేర్వేరు ప్లాస్టిక్ సంచుల్లో కట్టండి. చెట్టు వయసు, వేరుమూలం, చివరిసారి ఏ మందు ఎప్పుడు పోశారో చీటీ రాసి పెట్టండి. బండి డిక్కీలో ఎండకు ఉడికించకుండా, తడి గుడ్డ చుట్టి అదే రోజు అందించండి.